ఫీనిక్స్ నుంచి ఒక్కరోజు ట్రిప్: సగువారో ఎడారి, బేరిజోనా, సెడోనా

ఫీనిక్స్, చాండ్లర్ వైపు ఉండే తెలుగువాళ్ల ఇళ్లకు ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మొదట చూపించేది గ్రాండ్ కాన్యన్. దాని తర్వాత ఇంకో రోజు దొరికితే ఈ ట్రిప్‌కి ఇవ్వండి. బేరిజోనా అనే జంతువుల పార్కులో కారులోనే తిరుగుతాం కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా సీట్లోంచి లేవకుండా ఎలుగుబంటిని దగ్గర్నుంచి చూడొచ్చు. అయితే వరస తప్పకూడదు. పొద్దున బేరిజోనాలో జంతువులు, సాయంత్రం సెడోనాలో ఎర్రకొండలు. ఎక్కువమంది ముందు సెడోనాలో ఆగి, పార్కుకి మధ్యాహ్నం రెండింటికి చేరతారు. అప్పటికి ఎలుగులు చెట్టు మొదట్లో ముడుచుకుని పడుకుంటాయి. నల్లటి బొచ్చు తప్ప ముఖం కూడా కనిపించదు.

ఫీనిక్స్ నుంచి పార్కున్న విలియమ్స్‌కి దాదాపు 175 మైళ్లు. ఆరింటికి బయల్దేరితే మధ్యలో ఒకసారి ఆగినా తొమ్మిదింటికి అక్కడుంటారు. ఈ దారే సగం ట్రిప్పు, కాబట్టి పిల్లల్ని నిద్రపోనివ్వకండి. ఎడారి అంటే ఇసుక తిన్నెలు ఊహించుకుంటాం గానీ సొనోరన్ ఎడారిలో రాళ్లు, ముళ్లచెట్లే ఎక్కువ. ఐ-17 హైవే పక్కన కొండవాలు నిండా సగువారోలు, అంటే స్తంభాల్లా పెరిగే పెద్ద కాక్టస్‌లు, నిలబడి ఉంటాయి. దగ్గరికెళ్లి చూస్తే ఒంటి పొడవునా నిలువు మడతలు. వాన పడితే నీళ్లు పీల్చుకుని అవి విచ్చుకుంటాయి, నీరు తగ్గేకొద్దీ మళ్లీ దగ్గరపడతాయి. పక్కకి చేయి మొలవాలంటేనే ఏభై ఏళ్లు దాటాలి. బ్లాక్ కాన్యన్ సిటీ దాటాక ఎత్తు ఒక్కసారిగా పెరుగుతుంది. సన్‌సెట్ పాయింట్ అనే రెస్ట్ ఏరియా దగ్గరికొచ్చేసరికి సగువారోలు దాదాపు అయిపోయి గడ్డి మొదలవుతుంది, ఆ తర్వాత జూనిపర్ పొదలు, ఫ్లాగ్‌స్టాఫ్‌కి వచ్చేసరికి పాండెరోసా పైన్ అడవి. దాదాపు 1,100 అడుగుల నుంచి 7,000 అడుగులకు ఎక్కుతారు. ఎండాకాలంలో ఈ ఎక్కుడులో ఇంజన్ వేడెక్కి ఆగిపోయిన కార్లు కనిపిస్తూనే ఉంటాయి. కూలెంట్ ముందురోజే చూసుకోండి. టెంపరేచర్ మీటర్ ముల్లు పైకెక్కుతుంటే కాసేపు ఏసీ ఆపేయండి.

బేరిజోనా 2010లో తెరిచారు. 160 ఎకరాలు, కారులో తిరిగే దారి దాదాపు 3 మైళ్లు. ఐ-40 మీద ఎగ్జిట్ 165 దగ్గర దిగాలి. సింహాలు, జిరాఫీల కోసమైతే ఇంత దూరం రావద్దు. ఈ రోడ్డు మీద కనిపించేవి ఎక్కువగా ఉత్తర అమెరికా జంతువులే: ఎల్క్‌లనే పెద్ద జింకలు, బిగ్‌హార్న్ గొర్రెలు, అడవిదున్నల్లాంటి బైసన్‌లు, తోడేళ్లు, నల్ల ఎలుగులు. మే, జూన్‌లలో బైసన్‌ల చలికాలపు బొచ్చు ఊడుతూ, భుజాల మీంచి చిరిగిన దుప్పటిలా వేలాడుతుంటుంది. బైసన్ రోడ్డుకి అడ్డంగా వస్తే హారన్ కొట్టకుండా ఆగండి, దానంతటదే కదులుతుంది. ఒక చుట్టుకి ముప్పావు గంట పడుతుంది. అదే రోజు ఎన్నిసార్లయినా తిరగనిస్తారు, రెండో చుట్టు తప్పకుండా వేయండి. మొదటిసారి పడుకున్నది రెండోసారి నడుస్తూ ఎదురొస్తుంది.

గేటు దగ్గరే అద్దాలన్నీ ఎత్తి, వెనక సీటు స్విచ్‌లకు లాక్ వేసేయండి. పిల్లలు ఉత్సాహంలో అద్దం దించేది సరిగ్గా ఎలుగుల దగ్గరే. పులిహోర, పెరుగన్నం లోపల విప్పకండి, పార్కింగ్‌లోనే తినేసి బయల్దేరండి. ఇంకో ముఖ్యమైన పని అద్దాలు తుడవడం. 175 మైళ్ల హైవేలో ముందద్దం పురుగుల మరకలతో నిండిపోతుంది, ఫోన్ వాటి మీదే ఫోకస్ చేసి వెనకున్న తోడేలుని మసక చేస్తుంది. ఫ్లాగ్‌స్టాఫ్‌లో పెట్రోల్ కొట్టించేటప్పుడే నాలుగు వైపులా తుడవండి. ఫోటో తీసేటప్పుడు లెన్స్‌ని అద్దానికి ఆనించి పట్టుకుంటే లోపలి ప్రతిబింబం పడదు.

నడిచి చూసే ఫోర్ట్ బేరిజోనా భాగం మామూలు జూలాంటిదే. వేసవి మొదట్లో ఎలుగుపిల్లలున్నప్పుడు మాత్రం గంటసేపు నిలబడి చూడొచ్చు. ఎత్తు వల్ల పెద్దవాళ్లకి ఆయాసం, తలనొప్పి రావచ్చు. నీళ్లు ఎక్కువ తాగించండి, నెమ్మదిగా నడిపించండి. ఫీనిక్స్ ఎండని చూసి పలచటి బట్టలతో బయల్దేరితే అక్టోబర్ పొద్దుటి చలికి వణుకుతారు.

ఒంటిగంటకల్లా బయటపడి, ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి 89ఏ రోడ్డు పట్టుకోండి. ఓక్ క్రీక్ కాన్యన్‌లోకి దిగే మలుపులు తిరుమల ఘాట్ రోడ్డుని గుర్తుచేస్తాయి. వాంతులయ్యేవాళ్లని ముందు సీట్లో కూర్చోబెట్టండి. మంచు కురిసిన రోజైతే ఈ దారి వదిలేసి ఐ-17 మీదే దిగండి. సెడోనా కొండల ఎరుపంతా ఇసుకరేణువుల మీద పట్టిన ఇనుప తుప్పే. పొద్దు వాలేటప్పుడు ఆ ఎరుపు నిప్పులా మారుతుంది. ఎయిర్‌పోర్ట్ మెసా మీంచి ఆ దృశ్యం పెద్ద నడక లేకుండా దొరుకుతుంది. కెథీడ్రల్ రాక్ ఎక్కాలనుకుంటే షటిల్ బస్సు నడిచే రోజుల్లో అక్కడి పార్కింగ్ మూసేస్తారని గుర్తుంచుకోండి. చాలా చోట్ల కారు ఆపాలంటే రెడ్ రాక్ పాస్ కావాలి, రోజుకి 5 డాలర్లు. నేషనల్ పార్కుల వార్షిక పాస్ ఉంటే అదీ చెల్లుతుంది.

విలియమ్స్ నుంచి ఇంకో 60 మైళ్లే కదా అని గ్రాండ్ కాన్యన్‌ని ఇదే రోజులో ఇరికించకండి, రెండూ చెడతాయి. ఆ 60 మైళ్లు కాకుండానే రానూపోనూ మొత్తం 350 మైళ్లు. ఆదివారం వద్దు. సాయంత్రం ఫీనిక్స్ తిరిగొచ్చే జనంతో ఐ-17 నిలిచిపోతుంది. జులై నుంచి సెప్టెంబర్ మధ్యదాకా మధ్యాహ్నాలు ఉరుముల వానలుంటాయి, అప్పుడింకా పొద్దున్నే వెళ్లాలి. రాత్రి సన్‌సెట్ పాయింట్ నుంచి కిందికి దిగేటప్పుడు అదేపనిగా బ్రేకు తొక్కితే వేడెక్కి పట్టు వదిలేస్తుంది. లో గేర్‌లో వేసి దిగండి.