వీల్‌చైర్‌తో హైదరాబాద్: ఎక్కడ సులువు, ఎక్కడ కష్టం

విజయవాడ నుంచి అక్కా నేనూ హైదరాబాద్ వెళ్ళింది అక్క సర్టిఫికెట్ పని మీద. ఎలాగూ వెళ్తున్నాం కదా అని ఊరు కూడా చూసొచ్చాం. అక్కకి చిన్నప్పుడే పోలియో వచ్చింది, వీల్‌చైర్ తనే నడుపుకుంటుంది. ఇలాంటి ప్రయాణం పెట్టుకున్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు బస సంగతి. ఫోన్లో "ర్యాంప్ ఉందండీ, ఏం ఇబ్బంది ఉండదు" అన్నారు. నిజంగానే ఉంది. మూడు మెట్లు, మొత్తం అడుగున్నర ఎత్తు, దానికి 6 అడుగుల ర్యాంప్. అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు ఉండాలన్నది నిబంధన, అంటే అక్కడ 18 అడుగులు కావాలి. ఇద్దరు కుర్రాళ్ళు ఆయాసపడుతూ పైకి తోశారు. దిగేటప్పుడు కుర్చీని ముందుకే దించబోతే, "బాబూ, నేను ముందుకి పడిపోతాను, వెనక్కి తిప్పి దించండి" అని అక్కే చెప్పింది. గదిలో బాత్రూమ్ తలుపు 24 అంగుళాలు, కుర్చీ వెడల్పు 26. ఇక అక్కడ ఉండి ఏం లాభం?

రెండో లాడ్జి పాతది, పెద్ద పేరున్నది కాదు. కానీ అడగ్గానే మేనేజర్ గారు బాత్రూమ్ తలుపుకి టేపు పెట్టి కొలిచి ఫోటో పంపారు. గ్రౌండ్ ఫ్లోర్ గది, బాత్రూమ్‌కి గడప లేదు, స్నానానికి ప్లాస్టిక్ కుర్చీ వేయించారు. కమోడ్ పక్కన పట్టుకోవడానికి కడ్డీ లేకపోవడం ఒక్కటే లోటు. మళ్ళీ వెళ్తే అక్కడే దిగుతాం.

మెట్రో బాగుంది. లిఫ్టులో పైకెళ్తే చాలు, ప్లాట్‌ఫామ్, రైలు సమానమైన ఎత్తులో ఉంటాయి, ఎవరూ ఎత్తక్కర్లేదు. అమీర్‌పేట నుంచి ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దాకా హాయిగా వెళ్ళాం. కష్టమంతా కింద, లిఫ్ట్ దాకా చేరడమే. ఫుట్‌పాత్ మీద బైకులుంటే కుర్చీ రోడ్డు మీదకి దిగాల్సిందే.

ఎంజీబీఎస్ నుంచి సాలార్‌జంగ్ మ్యూజియానికి ఆటోలో వెళ్ళాం. ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే. ర్యాంపులు, లిఫ్టులు ఉన్నాయి, కుర్చీ లేనివాళ్ళకి వాళ్ళే ఇస్తారు. గంట కొట్టే బొమ్మ గడియారం దగ్గర జనం నిలబడితే కూర్చున్నవాళ్ళకి వీపులు తప్ప ఏమీ కనిపించవు. ఒక గార్డు గారు చూసి, అక్కని ముందుకి రమ్మన్నారు. ముసుగు రెబెకా శిల్పం ముందు అక్క చాలాసేపు ఉండిపోయింది. తొందరపెట్టేవాళ్ళు లేకుండా తనకి నచ్చినంతసేపు ఒకచోట ఉండే వీలు మాకు ప్రయాణాల్లో ఎప్పుడో గానీ దొరకదు. శుక్రవారం సెలవని గుర్తుంచుకోండి.

చార్మినార్ పైకి 149 మెట్లు, అవీ ఇరుకుగా మెలికలు తిరిగేవి. 1591 నాటి కట్టడంలో లిఫ్ట్ పెట్టమని మేం అడగం. పైనుంచి కనిపించేదంతా కింద ఒక తెరమీద చూపిస్తే మాత్రం ఎంతో బాగుంటుంది. గోల్కొండ ఈసారి వదిలేశాం.

ఇక వచ్చిన పని. ఆ ఆఫీసు మొదటి అంతస్తులో ఉంది, లిఫ్ట్ పనిచేయడం లేదు. ఆఫీసర్ గారే కాగితాలు పట్టుకుని కిందికొచ్చి సంతకం పెట్టారు. మంచి మనిషి, ఆయనకి చేతులెత్తి దండం పెట్టాను. అక్క మాత్రం, "ఆయన సెలవులో ఉంటే ఏం చేసేవాళ్ళమే?" అంది. నాకూ అదే అనిపించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం పాత ప్రభుత్వ భవనాలన్నీ ఐదేళ్ళలో అందరూ వెళ్ళగలిగేలా మారాలి. 2017లో నిబంధనలు వచ్చాయి కాబట్టి ఆ గడువు 2022తోనే అయిపోయింది. హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీ ఈ విషయం మీద ఇచ్చిన నివేదిక చూశాక, 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు, సిఫారసుల్లా ఉన్న నిబంధనలు చాలవు, కచ్చితంగా పాటించాల్సినవి తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది. కేంద్ర ప్రభుత్వం వారి సుగమ్య భారత్ యాప్‌లో ఇలాంటి చోట్ల ఫోటోలు పెట్టి ఫిర్యాదు చేయొచ్చు. తిరుగు రైల్లో కూర్చున్నాక అక్క ఆ లిఫ్ట్ ఫోటో పెట్టింది.