తలుపు నుంచి తలుపుకి: యాకుత్స్క్, ఓయ్మ్యాకాన్‌లలో పదకొండు రోజులు

రష్యాలో, సైబీరియా చలి మధ్య ఉన్న యాకుత్స్క్ ఊళ్లో మొదటి రాత్రి పన్నెండు నిమిషాలు తలుపు బయట నిలబడ్డాం. ఆ తర్వాత ఆ ఊళ్లో ప్రతి గదినీ, మ్యూజియాన్నీ, బండినీ నేను ఒకే లెక్కతో చూశాను: ఇక్కడి నుంచి వెచ్చటి తలుపు ఎంత దూరం?

డబ్బు కలిసొస్తుందని ఆన్‌లైన్‌లో ఒక అపార్ట్‌మెంట్ గది తీసుకున్నాం. నేనూ, రష్యాలోనే వైద్యం చదువుతున్న మా చిన్నాన్న కొడుకూ. మేం దిగేసరికి మైనస్ 43. టాక్సీ డ్రైవరు గుమ్మం ముందు ఆపి, "ఉండమంటారా?" అని అడిగాడు. పర్వాలేదు, వెళ్లమన్నాం. యజమాని పంపిన కోడ్ నొక్కితే ఇనుప తలుపు తెరుచుకోలేదు. ఫోన్ చేద్దామని గ్లవ్స్ తీసిన నిమిషంలోనే వేళ్లు మండాయి. రెండోసారి నంబరు కలిపేలోపు ఫోన్ ఆగిపోయింది. అప్పటికి అందులో అరవై శాతం ఛార్జింగ్ ఉంది. "అన్నయ్యా, నిలబడకు, నడుస్తూ ఉండు" అంటున్నాడు తమ్ముడు. వాడి గొంతులో భయం నాకు తెలుస్తూనే ఉంది. చివరికి చెత్త పారేయడానికి బయటికొచ్చిన ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి, ఏమీ అడక్కుండా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. రేడియేటర్ పక్కన కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఆవిడ పేరు కూడా అడగలేదు మేం.

మర్నాడే లెనిన్ స్క్వేర్ దగ్గర ఒక మధ్యరకం హోటల్‌కి మారిపోయాం. రోజుకి 5,500 రూబుళ్లు. రూబుల్ ఇంచుమించు మన రూపాయంతే కాబట్టి లెక్క సులువు. అపార్ట్‌మెంట్ ఇందులో సగమే. అయినా ఈ ఊళ్లో హోటలే తీసుకోమని గట్టిగా చెబుతాను. రాత్రంతా రిసెప్షన్‌లో మనిషి ఉంటారు. ఒకదాని వెనక ఒకటి మూడు తలుపులుంటాయి, వాటి మధ్య ఒళ్లు మెల్లగా వేడెక్కుతుంది. పైగా రష్యాలో ఏడు పని దినాలు దాటి ఉండే విదేశీయులకు వచ్చిన చోట రిజిస్ట్రేషన్ జరగాలి. హోటలైతే ఆ కాగితం వాళ్లే చూసుకుంటారు. మా అపార్ట్‌మెంట్ యజమాని ఆ మాటే ఎత్తలేదు. గదిలో వేడి మాత్రం మన వేసవిలా ఉంటుంది. తగ్గించే మీట మా గదిలో లేదు, రాత్రి చిన్న కిటికీ రెక్క ఓరగా తీసి పడుకున్నాం.

వెళ్లడం అనుకున్నంత కష్టం కాదు. 2023 ఆగస్టు నుంచి మన పాస్‌పోర్ట్‌కి రష్యా ఈ-వీసా ఇస్తోంది. ఢిల్లీ నుంచి మాస్కో, అక్కడి నుంచి యాకుత్స్క్‌కి ఆరు గంటలకు పైగా విమానం. ఒకే దేశంలో మాస్కోకీ యాకుత్స్క్‌కీ గడియారం ఆరు గంటలు తేడా. యాకుత్స్క్ రాజధానిగా ఉన్న సఖా రిపబ్లిక్ ఒక్కటే దాదాపు 31 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే మన దేశం కన్నా కాస్తే తక్కువ. జనం మాత్రం పది లక్షలు, అందులో మూడోవంతుకి పైగా యాకుత్స్క్‌లోనే ఉంటారు. డబ్బు సంగతి మర్చిపోకండి. 2022 మార్చి నుంచి బయటి దేశాల వీసా, మాస్టర్‌కార్డ్ కార్డులు అక్కడ పనిచేయవు. మొత్తం ఖర్చుకి సరిపడా డాలర్లు తీసుకెళ్లి మాస్కోలోనే మార్చుకున్నాం.

బట్టల దగ్గర నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. హైదరాబాద్‌లో మంచుకొండల కోసమని కొన్న జాకెట్, బూట్లు ఇక్కడ పావుగంట కూడా ఆగలేదు. స్థానిక పర్యాటక సంస్థలు బట్టలు అద్దెకిస్తాయి, అవే తీసుకోండి. బూట్లకి మాత్రం బజారులో దొరికే వాలెంకీలు, అంటే దళసరి ఉన్నితో చేసినవి, కొనుక్కోవడమే మేలు. ఒక సైజు పెద్దవి చూసుకోండి. బిగుతుగా ఉంటే కాలికి రక్తం ఆడదు. కళ్లజోడుంటే లోహపు ఫ్రేము వద్దు, చర్మానికి అతుక్కుంటుంది. కెమెరాని గదిలోకి తెచ్చేముందు బయటే ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి మూయాలి, లేకపోతే లెన్స్ మీద నీరు పడుతుంది.

ఇక ఊరు. జనవరిలో పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో గానీ సూర్యుడు కనపడడు, సాయంత్రం నాలుగున్నరకే చీకటి. మైనస్ 40 దాటాక కార్ల పొగ, ఇళ్ల చిమ్నీల ఆవిరి పైకి పోలేక వీధుల్లోనే గడ్డకట్టి పొగమంచైపోతుంది. ముందు నడిచే మనిషి నాలుగడుగుల్లో మాయం. కార్లలో చాలావరకు జపాన్ నుంచి వచ్చిన పాతవి, స్టీరింగ్ మనలాగే కుడివైపు. నడిపేదీ రోడ్డుకి కుడివైపే కాబట్టి ముందు సీట్లో కూర్చుంటే మొదట గాభరాగా ఉంటుంది. టాక్సీ యాప్ ఇక్కడ అద్భుతంగా పనిచేసింది, ఎప్పుడూ ఐదు నిమిషాలు దాటలేదు. బస్‌స్టాపులు కొన్ని అద్దాల గదుల్లా మూసి, లోపల హీటర్ పెట్టారు. నాకు నచ్చిన ప్రభుత్వ సౌకర్యాల్లో అదొకటి.

ఇళ్లు చాలావరకు కాంక్రీటు స్తంభాల మీద, నేలకి ఎత్తుగా ఉంటాయి. కింద భూమి ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. ఇంటి వేడి తగిలి అది కరిగితే ఇల్లే కుంగిపోతుంది. అందుకే నీళ్ల గొట్టాలు, గ్యాస్ గొట్టాలు కూడా నేల మీదే, రోడ్డు అడ్డొచ్చిన చోట తోరణంలా పైకెక్కి దిగుతాయి. ఆ గడ్డ ఎంత లోతుందో తెలిసింది ఒక బావి వల్ల. 1828లో షెర్గిన్ అనే వర్తకుడి పూనికతో నీళ్ల కోసం తవ్వడం మొదలుపెట్టి, ఏళ్ల తరబడి తవ్వి 116 మీటర్లు దిగారు. అప్పటికీ గడ్డకట్టిన మట్టే, నీటి చుక్క లేదు. తర్వాత అదే గోతిలో శాస్త్రవేత్తలు నేల వేడిని కొలిచారు. ఈ సంగతులన్నీ బాగా అర్థమయ్యే చోటు మెల్నికోవ్ పెర్మాఫ్రాస్ట్ ఇన్‌స్టిట్యూట్. పెర్మాఫ్రాస్ట్ అంటే ఇలా ఎప్పుడూ గడ్డకట్టే ఉండే నేల. ముందుగా ఫోన్ చేసి సమయం తీసుకుంటే నేల కింద ఉన్న ప్రయోగశాలలోకి తీసుకెళ్తారు. బయట మైనస్ 40లో ఉన్న మాకు ఆ సొరంగం వెచ్చగా అనిపించింది! గోడలో వేల ఏళ్ల నాటి ఇసుక పొరలు చేతికందేంత దగ్గరగా కనిపిస్తాయి. యాకుత్స్క్‌లో ఒక్క చోటే చూడగలిగితే ఇదే చూడండి.

ఖోముస్ మ్యూజియం నాకు ఊహించని సంతోషం. ఖోముస్ అంటే పళ్ల దగ్గర పెట్టుకుని వేలితో మీటే ఇనుప వాద్యం. చూడగానే "ఇది మన మోర్సింగ్ కదా!" అన్నాను. మన కచేరీల్లో మృదంగం పక్కన తాళంలో నడిచే వాద్యం, ఇక్కడ గాలినీ, గుర్రపు నడకనీ, మంచు కరిగే చప్పుడునీ పలుకుతుంది. అక్కడి అమ్మాయి వాయిస్తుంటే ఇరవై నిమిషాలు కదల్లేదు. మామత్ అనే అంతరించిపోయిన ఏనుగు జాతి జంతువు మ్యూజియం చిన్నదే, గంట చాలు. వజ్రాల ఖజానా ప్రదర్శన మెరుపులు ఇష్టమున్నవాళ్లకి, పాస్‌పోర్ట్ తీసుకెళ్లాలి.

బజారులో చేపలు బుట్టల్లో కర్రల్లా నిలబెట్టి అమ్ముతారు. పాలు గిన్నె ఆకారంలో గడ్డకట్టించి బిళ్లలుగా ఇస్తారు. ఫ్రిజ్ అక్కర్లేదు, ఆకాశమే ఫ్రిజ్. తిండి విషయానికొస్తే, గడ్డకట్టిన పచ్చి చేపను పలచగా చెక్కి ఉప్పూ మిరియాలతో ఇచ్చే స్ట్రోగనీనా నాకు నచ్చింది. నోట్లో కరిగే లోపు రుచి తెలుస్తుంది. గుర్రం మాంసం తమ్ముడు తిన్నాడు, నేను ముట్టలేదు. శాకాహారులకి బంగాళదుంప కూరి ఉడికించిన వరేనికీలు, గ్రేచ్కా అనే గింజలు ఉడికించిన అన్నం, క్యాబేజీ పెట్టి కాల్చిన పిరోగ్‌లతో బండి నడుస్తుంది. మా అమ్మ కట్టిచ్చిన కందిపొడి రోజూ అక్కరకొచ్చింది.

ఓయ్మ్యాకాన్ అనే పల్లె గురించి నిజం చెప్పాలి. 1933 ఫిబ్రవరిలో అక్కడ మైనస్ 67.7 నమోదైంది. ఆ అంకె కోసమే అందరూ వెళ్తారు, నేనూ అందుకే బయల్దేరాను. యాకుత్స్క్ నుంచి తొమ్మిది వందల కిలోమీటర్లకు పైనే. లేనా నదికి ఊరి దగ్గర వంతెన లేదు, గడ్డకట్టిన నది మీదే దాటాలి. తర్వాత కోలిమా రహదారి. స్టాలిన్ కాలంలో ఖైదీలతో వేయించిన దారి అది, పనిలో చచ్చిపోయినవాళ్ల లెక్క లేదు. ఎముకల దారి అంటారు. దాని మీద వెళ్తున్నంతసేపూ నాకు ఫొటో తీయబుద్ధి కాలేదు.

మేం బుక్ చేసుకున్న సంస్థ పెద్ద జీప్ అని చెప్పి, వెనక హీటర్ పనిచేయని వ్యాన్ పంపింది. మేం ఎక్కం అని మొండికేశాం. అరపూట పోయింది గానీ రెండో బండి సరైనదే వచ్చింది. ఇక్కడ మొహమాటం పడకండి. బయల్దేరే ముందు వెనక సీట్లో కూర్చుని వేడి తగులుతోందో లేదో చూసుకోండి. డ్రైవరు యాభై దాటిన, స్థానిక సఖా జాతి ఆయన. తమ్ముడు ఆయన్ని "ద్యాద్య" అని పిలిచేవాడు, మనం బాబాయ్ అన్నట్టు. రెండు స్టెప్నీలు, ఒక స్టవ్, మూడు రోజుల తిండి వెనక పెట్టుకున్నాడు. దారిలో ఎక్కడా ఇంజిన్ ఆపలేదు. ఖందీగాలో రాత్రి ఆగి, మర్నాడంతా కొండల్లో నడిపాడు.

ఓయ్మ్యాకాన్ పక్కన తోమ్తోర్‌లో ఒక ఇంట్లో రెండు రాత్రులున్నాం. కట్టెల పొయ్యి, పెరట్లో దూరంగా మరుగుదొడ్డి, ఇంటి ముందు నది నుంచి కోసి తెచ్చిన మంచు దిమ్మెలు. తాగడానికి వాటినే కరిగిస్తారు. ఆ ఇంటావిడ మా బూట్లు పొయ్యి దగ్గర తిప్పి తిప్పి ఆరబెట్టింది. నేను మరుగుదొడ్డికి వెళ్లినప్పుడల్లా కిటికీ దగ్గర నిలబడి, తిరిగొచ్చాకే పక్కకి తప్పుకునేది. రికార్డు స్తూపం దగ్గర పది నిమిషాలున్నాం. ఆ రోజు మైనస్ 51. అంకె కోసమే అయితే నాలుగు రోజుల రోడ్డు ప్రయాణం, ఇద్దరికీ కలిపి లక్షన్నర పైన ఖర్చు దండగ. ఆ డబ్బుతో యాకుత్స్క్‌లో ఇంకో మూడు రోజులుండి, నది మీద లేనా స్తంభాల దాకా వెళ్లి రావచ్చు. 2012లో యునెస్కో జాబితాలో చేరిన రాతి గోడలవి, మాకు రోజులు చాల్లేదు. ఆ ఇంట్లో ఉండటం కోసమైతే నేను మళ్లీ వెళ్తాను. ఈసారి మార్చిలో. అప్పుడు పగలు పొడుగ్గా ఉంటుంది, చలి కాస్త తగ్గుతుంది, నది మీద దారి ఇంకా ఉంటుంది.

తిరిగి యాకుత్స్క్ చేరేసరికి రాత్రి పదకొండు. ద్యాద్య సామాన్లు దించి బండెక్కాడు గానీ కదల్లేదు. మొదటి తలుపు తీశాం, రెండోది తీశాం. మూడోదాని దగ్గర వెనక్కి తిరిగి చూస్తే అద్దాల అవతల బండి ఇంకా అక్కడే ఉంది. లోపలికెళ్లి చెయ్యి ఊపాను. హెడ్‌లైట్లు ఒకసారి ఆర్పి వెలిగించి, అప్పుడు బయల్దేరాడు.