పెద్దాయన పేరు మీద ఫౌంటెన్ మేలా, చలివేంద్రం మేలా?

మా కాలనీ మూల మీద నలభై ఏళ్లు కిరాణా షాపు నడిపిన పెద్దాయన పోయి ఏడాది కావస్తోంది. మూడు రోడ్లు కలిసే చోట ఆయన పేరు మీద ఫౌంటెన్ కట్టిస్తామని కొడుకులు ముందుకొచ్చారు. కొందరు గడియారం అన్నారు. నేనూ ఇంకో ఇద్దరం చలివేంద్రం అన్నాం. మీటింగ్ రెండు గంటలు నడిచినా తెగలేదు.

గడియారం సంగతి ముందే తేల్చేస్తా. సికింద్రాబాద్ క్లాక్ టవర్ 1897లో ప్రారంభమైంది, 120 అడుగుల ఎత్తు. అందులోని గడియారాన్ని ఇచ్చింది దివాన్ బహదూర్ సేఠ్ లక్ష్మీనారాయణ్ రామ్‌గోపాల్ అనే వ్యాపారి. రోజూ ఆ టవర్ పక్క నుంచి వెళ్లేవాళ్లలో ఆ పేరు చెప్పగలిగేది ఎందరు? పైగా ఇప్పుడు టైమ్ అందరి జేబులోనూ ఉంది.

ఫౌంటెన్ చూడటానికి బాగుంటుంది, కాదనను. సాయంత్రం లైట్ల వెలుగులో నీళ్లు పైకి చిమ్ముతుంటే పిల్లలు అక్కణ్నుంచి కదలరు. మన ఊరికి కొత్తా కాదు, చార్మినార్ దగ్గర నాలుగు కమాన్ల నడుమ గుల్జార్ హౌజ్ కుతుబ్‌షాహీల కాలం నుంచీ ఉంది. కానీ ఖర్చు కట్టిన రోజుతో అయిపోదు. రెండు హార్స్‌పవర్ల మోటారు రోజుకు నాలుగు గంటలు నడిస్తే దాదాపు ఆరు యూనిట్లు, అంటే నెలకు 180. మా బోరు నీళ్లు ఆరిన చోటల్లా తెల్లటి పొర కడతాయి, నాజిల్ రంధ్రాలు మూసుకుపోతాయి. ఎండాకాలంలో ఆవిరైపోయే నీళ్లకు ట్యాంకర్ చెప్పుకోవాలి. మోటారు చెడి నీళ్లు నిలిచిపోతే వారం పది రోజుల్లో డెంగీ దోమలు తయారు.

నేను ఆఫీసుకు వెళ్లే దారిలో అలాంటిది ఒకటుంది. తొట్టి అడుగున ఎండిపోయిన పాచి, నాలుగు టీ కప్పులు, గుట్కా కవర్లు, ఒంటి చెప్పు. మోటారు వైరు ఎవరో కోసుకుపోయారు, రాగి కదా! పాలరాయి మీద పేరు మాత్రం బంగారు రంగులో మెరుస్తోంది. ఆగిపోయి ఎన్నాళ్లైందని పక్కనే ఉన్న పండ్ల బండి ఆయన్ని అడిగితే, "ఎప్పుడైనా నడిచిందా సార్?" అని నన్నే అడిగాడు.

నాకు అక్కడే తేలిపోయింది. ఆగిన రోజు అడిగేవాళ్లు ఉండాలి. ఫౌంటెన్ ఆగితే ఎవరి గొంతూ ఎండదు. అదే చల్లని నీళ్ల నల్లా ఆగిందనుకోండి, మధ్యాహ్నం పన్నెండు కాకముందే ఆటోవాళ్లు, డెలివరీ కుర్రాళ్లు షాపు ముందు నిలబడి "ఏమైందన్నా, నీళ్లు వస్తలేవు" అంటారు. ఆ పోరు పడలేకైనా బాగు చేయిస్తారు.

చలివేంద్రంలో లోటు లేదని కాదు. పందిరేసి కుండలు పెట్టే రకమైతే ప్రారంభం రోజు ఫొటోలు, మూడో వారానికి ఖాళీ కుండలు. గ్లాసుకు గొలుసు వేసినా గ్లాసు పోతుంది, గొలుసు మిగులుతుంది. చుట్టూ బురద. అందుకే ఏడాది పొడుగునా ఉండే స్టీల్ కూలర్, రెండు నల్లాలు, ఒకటి పిల్లలకు అందే ఎత్తులో. పారబోసిన నీళ్లు పక్కనే ఇంకుడు గుంతలోకి. ఫిల్టర్ మార్చాలి, ట్యాంకు కడగాలి. కరెంటు దీనికీ కావాలి. అయితే కనెక్షన్ పెద్దాయన షాపు నుంచే ఇవ్వొచ్చు, బిల్లు ఎవరు కట్టాలన్న తగాదా ఉండదు.

"బాపు పేరు దూరంకెళ్లి కనబడాలె గదన్నా" అన్నాడు పెద్దబ్బాయి. ఆ కోరికా తప్పు కాదు. కానీ అబిడ్స్‌కు ఆ పేరొచ్చింది ఆరో నిజాం దగ్గర పనిచేసిన అబిద్ నడిపిన దుకాణం వల్ల. దుకాణం పోయింది, పేరు ఇప్పటికీ రోజూ నోళ్లలో నలుగుతోంది. బన్సీలాల్‌పేటలోని బన్సీలాల్ కూడా సేఠే. అక్కడ చెత్తతో పూడిపోయిన మెట్లబావిని 2022లో బాగుచేశాక జనం చూడటానికి వెళ్తున్నారు.

అసలు పెద్దాయన చేసిందీ అదే. మార్చి రాగానే షాపు మెట్ల పక్కన రంజన్, అంటే పెద్ద మట్టికుండ, పెట్టి, తడి గోనెసంచి చుట్టి, పైన ఇత్తడి చెంబు బోర్లించేవారు. సరుకు కొనకపోయినా నీళ్లు తాగి పోవచ్చు. చిన్నబ్బాయికి ఆ రంజన్ గుర్తుకు రాగానే మా వైపు వచ్చేశాడు.

పెద్దబ్బాయి ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "సరే గానీ, రాత్రిపూట పేరు కనబడేటట్టు ఒక లైటన్నా పెట్టుకుందామా?" అని నిన్న అడిగాడు. పెట్టుకోమన్నాను.