మిర్యాలగూడలో కొన్న బ్లాకౌట్ కర్టెన్లు: చిన్న పిల్లలున్న ఇంటికి పనికొస్తాయా?

మా ఇల్లు మిర్యాలగూడలో మెయిన్ రోడ్డు మీదే. రైస్ మిల్లులకు పోయే లారీల లైట్లు రాత్రంతా బెడ్‌రూమ్ గోడ మీద తిరుగుతుంటాయి. మూడేళ్ల బాబు నిద్ర కోసమే ఈ కర్టెన్లు తీసుకున్నాను. జత 1,800 రూపాయలు.

గుడ్డ దళసరిగా ఉంది, వెలుతురు నిజంగానే ఆగుతుంది. పక్కల నుంచి కొంచెం వస్తుంది, అందుకే కిటికీ కంటే వెడల్పుగా తీసుకోండి. హారన్ల మోత మాత్రం తగ్గదు.

బాబు ఇప్పుడు తొమ్మిదింటికల్లా పడుకుంటున్నాడు. పొద్దున చొక్కా వేయబోతే ఏడ్చి దొర్లడం చాలా తగ్గింది. "వాళ్ల నాన్న పోలికే, అదే మొండితనం" అనేది మా అత్తమ్మ. ఆమె మాటలో కొంత నిజముంది. కవలల మీద జరిగిన పరిశోధనల్లో, ఒకే అండం నుంచి పుట్టిన కవలల స్వభావాలు మిగతా కవలల కంటే ఎక్కువగా కలిశాయి. కానీ అంతా జన్యువులే నిర్ణయించవు. త్వరగా చికాకుపడే బిడ్డకు నిద్ర కూడా తక్కువైతే తనను తాను సముదాయించుకోవడం ఇంకా కష్టం. 3-4 ఏళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రాత్రిపూట వెలుతురు, నిద్రకు సాయపడే మెలటోనిన్‌ను తగ్గిస్తుంది.

పొద్దున్నే మాత్రం కర్టెన్లు తెరిచేయాలి, ఎండ పడాలి. పడుకునే ముందు ఫోన్ కూడా మానేశాం, కాబట్టి మార్పంతా కర్టెన్లదే అనను. అయినా మా చెల్లెలి ఇంటికి ఒక జత చెప్పాను, ముదురు నీలం రంగువి.