వెలుతురా, ఎంజైమా? ప్లాస్టిక్‌ని ఏది విరగ్గొడుతుంది

కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే వైపు, అల వెనక్కి వెళ్లగానే తడి ఇసుక మీద నల్లటి చార మిగులుతుంది. అందులో ఇల్మనైట్ అనే టైటానియం ఖనిజం ఉంటుంది. ఆ చారలోనే తెగిన నైలాన్ వల పోగులు, నలిగిన వాటర్ బాటిళ్లు. ఇల్మనైట్ నుంచి తీసే టైటానియం డయాక్సైడే ప్లాస్టిక్ మీద ఎక్కువగా పరీక్షించిన కాంతి ఉత్ప్రేరకం, అంటే వెలుతురు పడితే రసాయన చర్యను వేగం చేసే పదార్థం.

దాని మీద అతినీలలోహిత కాంతి పడితే, చుట్టూ ఉన్న నీటి నుంచి హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే చాలా చురుకైన కణాలు పుడతాయి. అవి పాలిథిన్ అణువు గొలుసుని కూడా తెంపగలవు. పూర్తిగా సాగితే మిగిలేది కార్బన్ డయాక్సైడ్, నీరు. కానీ ఎండలో అతినీలలోహిత కాంతి వాటా సుమారు 5 శాతమే, అందుకే పని చాలా నెమ్మది. మధ్యలో ఆగిందా, మిగిలేది మైక్రోప్లాస్టిక్. నా టెన్షన్ అంతా దాని గురించే. ఆ ముక్కలు చేప కడుపులోకి, అక్కడి నుంచి మన కంచంలోకి వస్తాయి.

ఎంజైమ్ దారి వేరు. ఇది జీవులు తయారుచేసే, రసాయన చర్యను వేగం చేసే ప్రోటీన్. 2016లో జపాన్ శాస్త్రవేత్తలు బాటిళ్ల ప్లాస్టిక్ అయిన పెట్‌ని తన ఎంజైమ్‌లతో విడగొట్టి తినే బ్యాక్టీరియాను ప్రకటించారు. 2020లో ఫ్రాన్స్‌లో మెరుగుపరిచిన మరో ఎంజైమ్ 72 డిగ్రీల వేడిలో 10 గంటల్లో 90 శాతం పెట్‌ని విడగొట్టింది. మళ్లీ బాటిల్ చేసుకునే ముడిసరుకు చేతికొస్తుంది. పాలిథిన్ కవర్ని మాత్రం అది ముట్టదు.

బాటిళ్లకైతే నా ఓటు ఎంజైమ్‌కే. బట్టలుతికిన నీళ్లలోని సన్నని పోగులకు ఉత్ప్రేరకం పూసిన ఫిల్టర్ నయం. టైటానియం డయాక్సైడ్ పొడిని సముద్రంలో చల్లడం మాత్రం వద్దు. కవర్లనైతే నాగావళిలో పడకముందే ఏరాలి.