పర్లాకిమిడిలో పసిపాపకు నీలి వెలుగు వైద్యం: మేము చూసిన ఆసుపత్రి

గత కార్తీకంలో మా చెల్లెలికి పర్లాకిమిడిలో ఆడపిల్ల పుట్టింది. మూడో రోజు పొద్దుటికి పాప ముఖం, తెల్లగుడ్లు పసుపు పూసినట్టయ్యాయి. సాయంత్రానికి ఆ పసుపు పొట్ట దాటి తొడల దాకా దిగింది. రక్తపరీక్షలో కామెర్ల పసుపుకు కారణమైన బిలిరుబిన్ అనే పదార్థం డెసిలీటరుకు 18 మిల్లీగ్రాములని తేలడంతో పట్టణంలోనే ఉన్న ఒక ప్రైవేటు పిల్లల ఆసుపత్రిలో చేర్చాము. తల్లి రక్తం 'ఓ' గ్రూపు, బిడ్డది 'బి' గ్రూపు కావడం వల్ల పాప ఎర్రరక్తకణాలు త్వరగా విరిగిపోతున్నాయనీ, వెంటనే లైటు కింద పెట్టాలనీ డాక్టరుగారు చెప్పారు. మెచ్చుకోవలసినవాటితో పాటు రెండు లోపాలు కూడా రాయబోతున్నాను కనుక ఆసుపత్రి పేరు చెప్పడం లేదు.

నేను ఇరవై రెండేళ్లుగా వెల్డింగు షాపు నడుపుతున్నాను. వెలుగు శరీరాన్ని ఏం చేయగలదో నాకు అనుభవం మీద తెలుసు. అద్దం పెట్టుకోకుండా ఆర్క్ వైపు కాసేపు చూసినవాడికి అప్పటికి ఏమీ అనిపించదు. అర్ధరాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మంట లేస్తుంది. అది వేడి వల్ల వచ్చే బాధ కాదు. ఆర్క్‌లోని అతినీలలోహిత కిరణాలు కంటి ముందుపొర కణాలను దెబ్బతీస్తాయి, అవి కొన్ని గంటల తరువాత రాలిపోతాయి, ఒకటి రెండు రోజుల్లో కొత్తవి పుట్టుకొస్తాయి. అందుచేత లైటు అనగానే నేను మొదట చూసింది పాప కళ్లకు గంతలు సరిగా కట్టారా లేదా అనే. గంతలు ముక్కుకు అడ్డు రాకుండా, జారిపోకుండా ఉన్నాయి. పాలు పట్టే ప్రతిసారీ విప్పి, కళ్లు తుడిచి, మళ్లీ కట్టారు. ఈ ఒక్క విషయంలో అక్కడి నర్సులు చూపిన శ్రద్ధ నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది.

మా అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. పొద్దుటెండలో పడుకోబెడితే తగ్గే కామెర్లకు రేడియేషన్ పెట్టడమేమిటని ఆమె వాదన. పాతపట్నం నుంచి వచ్చి పనిచేస్తున్న ఒక నర్సు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, "మామ్మా, మీరన్నది ఉత్తమాట కాదు, ఈ వైద్యం ఎండలోంచే పుట్టింది" అని మొదలుపెట్టి చెప్పిన తీరు నేను మరచిపోలేను. 1956 ప్రాంతంలో ఇంగ్లండులోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో పసిపిల్లలను ఎండలోకి తీసుకువెళ్లే ఒక నర్సు, ఎండ తగిలిన చోట పసుపు తగ్గి, బట్ట కప్పి ఉన్న చోట నిలిచిపోవడం గమనించింది. ఎండ తగిలేలా వదిలేసిన రక్త నమూనాలో కూడా బిలిరుబిన్ తగ్గిపోయినట్టు అక్కడి వైద్యులు చూశారు. వారు ప్రయోగాలు చేసి 1958లో ప్రకటించిన పద్ధతే నేటి లైటు వైద్యానికి మూలం. అయితే ఎండలో నీలి వెలుగుతో పాటు చర్మాన్ని కాల్చే అతినీలలోహితమూ, ఒంట్లో నీటిని లాగేసే వేడి కిరణాలైన పరారుణమూ కలిసి వస్తాయి. ఆసుపత్రి లైటులో మనకు కావలసిన 460 నుంచి 490 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న నీలం మాత్రమే ప్రధానంగా ఉంటుంది. బిలిరుబిన్ పసుపుగా కనిపించడానికి కారణమే అది నీలాన్ని పీల్చుకోవడం. అలా పీల్చుకున్నప్పుడు దాని అణువు ఆకారం మారి, నీటిలో కరిగే రూపానికి వచ్చి, కాలేయం మీద భారం పెట్టకుండా పైత్యరసంలోనూ మూత్రంలోనూ వెళ్లిపోతుంది. పాపకు ఆకుపచ్చగా, పలచగా విరేచనాలైనప్పుడు అమ్మ కంగారుపడలేదంటే ఆ నర్సు ముందే చెప్పి ఉండడమే కారణం.

ఆ గదిలో నీలి లైటు ఒక్కటే లేదు. పక్క తొట్టెలో నెలలు నిండకుండా పుట్టిన బాబును వెచ్చగా ఉంచే వార్మరు ఉంది. అది పరారుణంతో పనిచేస్తుంది, చర్మాన్ని వేడెక్కించడం తప్ప కణాల లోపలి రసాయనాన్ని మార్చదు. దాని ప్రమాదమల్లా అతివేడి, నీరు ఆవిరైపోవడం. బాబు పొట్టకు అంటించిన ఉష్ణోగ్రత తీగ ఊడిపోతే, యంత్రం గది గాలిని చూసి ఒళ్లు చల్లబడిందనుకుని ఇంకా మండుతుంది. నర్సులు గంట గంటకూ ఆ తీగను తడిమి చూడడం నేను గమనించాను.

అదే బాబుకు ఊపిరి కష్టమైన రోజున చక్రాల ఎక్స్‌రే యంత్రం తెచ్చారు. రేడియేషన్ అనే ఒకే మాట కింద మనం కలిపేసే వాటిలో దీని జాతి వేరు. 460 నానోమీటర్ల నీలి వెలుగులోని ఒక్కో ఫోటానుకు, అంటే వెలుగు రేణువుకు, ఉండే శక్తి సుమారు 2.7 ఎలక్ట్రాన్ వోల్టులు. అణువు నుంచి ఎలక్ట్రానును ఊడబెరకడానికి అది చాలదు. ఎక్స్‌రే ఫోటానుకు వేల, పదివేల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది కాబట్టి అది ఎలక్ట్రాన్లను తోసేసి, డీఎన్ఏ పోగులను తెంపగలదు. వేగంగా విభజన చెందే కణాలకు ఈ దెబ్బ ఎక్కువని 1906లోనే ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు బెర్గోనియే, ట్రిబోండో సూత్రీకరించారు. పసిపిల్లల ఒంట్లో అలాంటి కణాలే ఎక్కువ. అలాగని అవసరమైన ఎక్స్‌రేను వద్దనకూడదు. పెద్దవారికి ఛాతీ ఎక్స్‌రేతో అందేది సుమారు 0.1 మిల్లీసీవర్టు (ఒంటికి అందే రేడియేషన్ మోతాదు కొలత), ప్రకృతి నుంచి ఏడాదికి ప్రపంచ సగటున అందేది 2.4. నా అభ్యంతరం తీసిన పద్ధతి మీద. మా పాప తొట్టెను దూరం జరిపారు, అది సరైన పనే, ఎందుకంటే దూరం రెట్టింపైతే కిరణాల తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. కాని బాబు చేతులు పట్టుకోవడానికి నిలబెట్టిన తల్లికి కిరణాలను అడ్డుకునే సీసపు ఏప్రాన్ ఇవ్వలేదు. నేను అడిగిన తరువాత అది పై అంతస్తులోని గదిలో దొరికింది. ఉన్న వస్తువును వాడకపోవడం లేకపోవడం కంటే పెద్ద తప్పని నా అభిప్రాయం.

రెండో లోపం లైటుకు సంబంధించినదే. మొదటి రాత్రి పాపను పాత ట్యూబులైటు యంత్రం కింద ఉంచారు. నీలి ట్యూబులు వెలుగుతున్నట్టే కనిపిస్తూ, గంటలు గడిచేకొద్దీ బలం కోల్పోతాయి. గట్టి చికిత్సకు చర్మం మీద చదరపు సెంటీమీటరుకు, ఒక్కో నానోమీటరుకు కనీసం 30 మైక్రోవాట్లు పడాలి, అది కంటితో తేల్చగల సంగతి కాదు. ఆ ట్యూబులు ఎప్పుడు వేశారో, ఎన్ని గంటలు వాడారో ఎక్కడా రాసి లేదు, కొలిచే మీటరు గదిలో లేదు. పొద్దున డాక్టరుగారిని అడిగితే విసుక్కోకుండా విని, పాపను కొత్త ఎల్ఈడీ యంత్రం కిందకు మార్చారు.

అక్కడి నుంచి లెక్క బాగా దిగింది: మరుసటి రోజుకు 14, ఆ తరువాతి రోజుకు 11. లైటు తగిలిన చర్మం తెల్లబడి, గంతల కింద మాత్రం పసుపు మిగిలి ఉండేది. అందుకే రంగు చూసి తగ్గిందని చెప్పలేమనీ, రక్తపరీక్షే ప్రమాణమనీ వారు ప్రతిసారీ చెప్పారు. లైటు తీసేసిన మరునాడు మళ్లీ పెరిగిందేమోనని ఇంకోసారి పరీక్షించాకే ఇంటికి పంపారు. లైటుకు రోజుకు 700 రూపాయలు తీసుకున్నారు. బిల్లులో ప్రతిదీ విడిగా రాసి ఉంది. గోడల మీది సూచనలన్నీ ఒడియాలో, ఇంగ్లీషులో ఉన్నాయి. వచ్చేవారిలో తెలుగువారు ఇంతమంది ఉన్నప్పుడు కంటి గంతల గురించి, పాలు పట్టే వేళల గురించి ఒక తెలుగు కాగితం అంటిస్తే మా అమ్మ వంటివారికి సగం భయం పోతుంది.

నెల తరువాత టీకాకు వెళ్లినప్పుడు చూస్తే పాత యంత్రానికి కొత్త ట్యూబులు ఉన్నాయి, పక్కన వేసిన తేదీ రాసిన చీటీ అంటించి ఉంది. ఏప్రాన్ పిల్లలను ఉంచే ఆ గది తలుపు వెనకే వేలాడుతోంది. తెలుగు కాగితం ఇంకా రాలేదు. రాసి ఇస్తానని చెప్పి వచ్చాను.