ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్: డిపో లెక్కలో ఎంత, ప్రయాణికుడికి ఎంత

ఆర్టీసీ బస్సు ఎలా ఉందని అడిగితే ఎవరైనా సీటు గురించో, రద్దీ గురించో చెబుతారు. డిపో గేటు లోపల మాట వేరు. నిన్నటి ఈపీకే (కిలోమీటరుకు వచ్చిన రాబడి) ఎంత, ఓఆర్ (బస్సు ఎంత నిండిందన్న శాతం) ఎంత, కేఎంపీఎల్ (లీటరు డీజిల్‌కి నడిచిన కిలోమీటర్లు) ఎంత, ఎన్ని కిలోమీటర్లు రద్దయ్యాయి? డిపో మేనేజర్ని తూచేది ప్రధానంగా ఈ నాలుగు అంకెలతోనే. 1932లో నిజాం రైల్వే కింద 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైన సంస్థ ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో రెండయింది గానీ తూకపు రాళ్లు రెండు చోట్లా అవే. వాటిలో ఒకటి ఇప్పుడు సరిగ్గా తూగడం లేదు.

అది ఓఆర్. బస్సు నిండితే కిలోమీటరుకు ఎంత రావాలి, అందులో ఎంత వచ్చింది అన్న శాతం. 50 సీట్ల బస్సులో మనిషికి కిలోమీటరుకు రూపాయి అనుకోండి. నిండితే ఈపీకే 50. వచ్చింది 35 అయితే ఓఆర్ 70. నిలబడ్డవాళ్లకూ టికెట్ కొడితే నూరు దాటుతుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి అనే ఉచిత బస్సు పథకాలు వచ్చాక ఆడవాళ్ల ప్రయాణం బాగా పెరిగింది. పథకంగా మంచిదే. కానీ దాంతో పెరిగిన ఓఆర్ చూపించి ఫలానా డిపో బాగా నడుస్తోందంటే ఒప్పుకోలేం. బస్సు నింపింది పథకం. డిపో చేసిన పనేమిటో ఆ అంకెలో కనబడదు. పైగా జీరో టికెట్ (ఆడవాళ్లకు కొట్టే ఉచిత టికెట్) డబ్బు సర్కారు విడుదల చేసినప్పుడు వస్తుంది, డీజిల్‌కీ టైర్లకీ మాత్రం ఇవాళే కావాలి. ఆ డబ్బుకు ఆధారం కండక్టర్ చేతిలోని టికెట్ మెషిన్ (టిమ్)లో కొట్టిన టికెట్టే. ఉచితమే కదా అని టికెట్ తీసుకోకుండా కూర్చుంటే ఆ ప్రయాణం లెక్కలోకే రాదు. గుర్తింపు కార్డు చూపించి, దిగే స్టేజీ దాకా టికెట్ అడిగి తీసుకోవాలి.

డిపో సత్తా తెలియాలంటే కేఎంపీఎల్ చూడాలి, అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు. రోజుకు 300 కిలోమీటర్లు తిరిగే బస్సు లీటరుకు 5 ఇస్తే 60 లీటర్లు తాగుతుంది. 5.2 ఇస్తే 57.7 చాలు. వంద బస్సుల డిపోకి రోజుకు 230 లీటర్లు మిగిలినట్టు. లీటరు 95 చొప్పున ఏడాదికి దాదాపు 80 లక్షలు. దశాంశం తర్వాత ఒక్క అంకె విలువ అది!

ఇది ఎక్కడ పోతుందో గ్యారేజీలో అందరికీ తెలుసు. బ్రేకు వదలకుండా పట్టేస్తే బస్సు తనతో తనే పోట్లాడుతూ నడుస్తుంది. ట్రిప్పు ముగిశాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి కాస్త దూరంగా పెట్టి చూస్తే ఏ డ్రమ్ము మిగతావాటికంటే ఎక్కువ సెగ కొడుతోందో తెలిసిపోతుంది. టైర్లలో గాలి తగ్గినా, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, డ్రైవర్ క్లచ్ మీద కాలు ఆనించి నడిపినా, బస్టాండులో పది నిమిషాలు ఇంజిన్ ఆపకపోయినా డీజిల్ పోతుంది. తప్పు బస్సుదా మనిషిదా తేల్చడానికి సులువైన పద్ధతి ఒకటుంది. ఎవరు నడిపినా అదే బస్సు తక్కువిస్తే గ్యారేజీకి పంపాలి. ఏ బస్సు ఇచ్చినా అదే డ్రైవర్‌కి తక్కువొస్తే శిక్షణకు పంపాలి. ఒక్క రోజు అంకె చూసి మెమో ఇవ్వడం మాత్రం అన్యాయం. బంకులో ఒక రోజు ట్యాంకు మూతి దాకా, మర్నాడు రెండు లీటర్లు తక్కువ పోస్తే లెక్క అటూ ఇటూ అవుతుంది. నెల సగటు చూడాలి. ఈ క్రమశిక్షణలో ఆర్టీసీకి మంచి మార్కులే వేయొచ్చు. ఎన్నో ఏళ్లుగా డ్రైవర్ వారీగా లెక్క రాసుకునే అలవాటు ఉంది.

అద్దె బస్సుల దగ్గర ఆ పట్టు సడలుతుంది. బస్సూ డ్రైవరూ యజమానివి, కండక్టర్ సంస్థ మనిషి, చెల్లింపు కిలోమీటరు లెక్కన. కొత్త బస్సు కొనే భారం తప్పుతుంది, నిజమే. కానీ ఆ డ్రైవర్ మీద డిపో మేనేజర్‌కి సొంత డ్రైవర్ మీద ఉన్నంత అదుపు ఉండదు. ఎక్కేవాడికి ఈ తేడా తెలియదు. ఇద్దరినీ ఆర్టీసీ అనే తిడతాడు.

మార్కులు బాగా కోయాల్సింది రద్దయిన కిలోమీటర్ల దగ్గర. ఈపీకే పెంచడానికి అన్నిటికంటే తేలిక దారి రాబడి తక్కువ ట్రిప్పు తీసేయడం. రాత్రి ఎనిమిదిన్నర పల్లె వెలుగులో పన్నెండు మందే ఉంటారు. అది ఆపితే ఆ రోజు సగటు పెరుగుతుంది, కాగితం మీద డిపో బాగుపడుతుంది. కానీ ఆ పన్నెండు మందీ పొద్దున టౌనుకు వెళ్లింది రాత్రి బస్సు ఉందన్న భరోసాతోనే. అది పోతే పొద్దున కూడా ఆటో ఎక్కుతారు. మూడు నెలల తర్వాత పొద్దున ట్రిప్పు కూడా నష్టాల జాబితాలో చేరుతుంది. అందుకే ఒక ట్రిప్పు రాబడి విడిగా చూడకూడదు, రానూపోనూ కలిపి చూడాలి. డ్రైవర్ల కొరత వల్ల ఆగిన ట్రిప్పును, గిరాకీ లేక ఆగిన ట్రిప్పును ఒకే గడిలో రాస్తే అసలు జబ్బు దొరకదు.

ఇంకో లోపం, ఒకే రూటులో రెండు బస్సులు వెనకా ముందూ రావడం. ముందుది కిక్కిరిసి, వెనకది ఖాళీగా. రెండింటి సగటు ఓఆర్ 75 అని రాస్తే బాగానే కనబడుతుంది. ఫుట్‌బోర్డు మీద వేలాడినవాడిని అడగాలి.

సూపర్ లగ్జరీ గురించి చెప్పాల్సింది తక్కువ. ఉచితం వర్తించదు, ముందే రిజర్వేషన్ ఉంటుంది, కాబట్టి అక్కడ ఓఆర్ ఇంకా నిజమే చెబుతోంది. కార్గో కూడా తెలివైన పనే. ఎలాగూ తిరిగే బస్సు డిక్కీలో పార్శిల్ పోతుంది, దానికోసం ఒక్క కిలోమీటరు కూడా అదనంగా తిరగక్కర్లేదు. రసీదు మాత్రం పారేయకండి, కౌంటర్‌లో అదే అడుగుతారు.

ఇంధనానికి పదికి ఎనిమిది, వేళకు ఐదు. చివరి బస్సుకు నాలుగు.